గ్రెప్‌మెయిల్‌తో పాత న్యూస్‌గ్రూప్ చర్చలు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్ళు చాలామంది రాత్రిళ్ళు కంప్యూటర్ ల్యాబుల్లో కూర్చుని సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే న్యూస్‌గ్రూపులో రాసుకునేవారు. పద్యాలు, పాత సినిమా పాటలు, వంటలు, రాజకీయాలు, ఒళ్ళు మండే వాదనలు, అన్నీ అందులో నడిచాయి. అలాంటి చర్చల ఫైళ్ళు చేతిలో పెట్టుకుని, వాటిలోంచి కావలసింది ఎలా బయటికి తీయాలో తెలియక ఆగిపోయినవాళ్ళ కోసం ఈ ప్రశ్నోత్తరాలు. ఆ పనికి ఇక్కడ వాడేది గ్రెప్‌మెయిల్, ఉత్తరాల ఫైళ్ళలో వెతికే ప్రోగ్రాము. ఉదాహరణలు తెలుగు గ్రూపువి, పద్ధతి మాత్రం ఏ న్యూస్‌గ్రూపుకైనా ఒకటే.

అసలు న్యూస్‌గ్రూపులంటే ఏమిటి?

యూజ్‌నెట్ అనే వ్యవస్థలోని చర్చావేదికలు. 1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు వచ్చిన ఆలోచన ఇది. మరుసటి ఏడాదికి జనంలోకి వచ్చింది. దీనికి కేంద్ర సర్వర్ లేదు. ఒక కంప్యూటర్లో రాసిన ఉత్తరం పక్క కంప్యూటరుకీ, అక్కణ్ణించి ఇంకోదానికీ నకలవుతూ ప్రపంచమంతా చేరేది. గ్రూపుల పేర్లు చుక్కలతో ఉంటాయి. కాంప్ అంటే కంప్యూటర్లు, రెక్ అంటే కాలక్షేపం, సాక్ అంటే సమాజం, సంస్కృతి. 1987లో జరిగిన పెద్ద పేర్ల మార్పిడి నుంచి ఈ శాఖలు స్థిరపడ్డాయి.

ఆ ఉత్తరాలు ఇప్పటిదాకా ఎలా మిగిలాయి?

చాలావరకు అదృష్టం కొద్దీ. అప్పట్లో డిస్క్ ఖరీదైన వస్తువు. చాలా చోట్ల కొన్ని వారాలు దాటిన ఉత్తరాలను తుడిచేసేవారు. టొరంటో యూనివర్సిటీ జంతుశాస్త్ర విభాగంలో పనిచేసిన హెన్రీ స్పెన్సర్ మాత్రం 1981 నుంచి 1991 దాకా వచ్చినవాటిని టేపుల మీద దాచి ఉంచాడు. మొత్తం 141 టేపులు. తొలి దశాబ్దపు చర్చలు ఈరోజు చదవగలుగుతున్నామంటే అందులో పెద్ద వాటా ఆ టేపులదే. 1995లో డేజా న్యూస్ అనే సంస్థ వెబ్‌లో ఆర్కైవ్ మొదలుపెట్టింది. 2001 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని కొని, అదే ఏడాది డిసెంబరులో టొరంటో టేపుల సరుకును కూడా చేర్చింది.

గూగుల్ గ్రూప్స్‌లోనే వెతుక్కోవచ్చు కదా?

వెతుక్కోవచ్చు. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ యూజ్‌నెట్‌కు కొత్త ఉత్తరాలు పంపడం, కొత్తవి తెచ్చుకోవడం ఆపేసింది. పాతవి చూడటానికి ఉంచింది. ఒకటి రెండు ఉత్తరాలు చూసి వదిలేసేవారికి అది చాలు. అయితే ఒక గ్రూపు మొత్తాన్ని జల్లించాలన్నా, పెద్దక్షరం చిన్నక్షరం తేడా పాటిస్తూ వెతకాలన్నా, ఫలితాల మీద మళ్ళీ వెతకాలన్నా అక్కడ కుదరదు. తెలుగు గ్రూపు విషయంలో ఆ పెద్దక్షరం చిన్నక్షరం తేడాయే ప్రాణం. అదెందుకో కింద వివరంగా రాశాను.

ఫైళ్ళు ఎక్కడ దొరుకుతాయి?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో యూజ్‌నెట్ సంకలనాలున్నాయి. శాఖలవారీగా, ఒక్కో గ్రూపుకీ ఒక్కో కంప్రెస్ చేసిన ఫైలు చొప్పున పెట్టారు. లోపల ఉండేది ఎంబాక్స్ ఫార్మాట్. అంటే ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటిగా పేర్చిన మామూలు టెక్స్ట్ ఫైలు. ప్రతి ఉత్తరమూ ఫ్రమ్ అనే మాట, దాని పక్కన ఖాళీ ఉన్న వరసతో మొదలవుతుంది. తర్వాత హెడర్లు, అంటే పంపినవారు, తేదీ, శీర్షిక లాంటి వివరాల వరసలు, ఒక ఖాళీ వరస, ఆపైన అసలు విషయం.

మామూలు గ్రెప్ ఉండగా గ్రెప్‌మెయిల్ ఎందుకు?

గ్రెప్ అంటే ఫైళ్ళలో మాటలు వెతికే మామూలు యూనిక్స్ కమాండ్. అది మీకు వరసను ఇస్తుంది, గ్రెప్‌మెయిల్ ఉత్తరాన్ని ఇస్తుంది. ఒక వరస దొరికితే అది ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరికి జవాబుగా రాశారో తెలియదు. గ్రెప్‌మెయిల్ ఆ వరస ఉన్న ఉత్తరాన్ని హెడర్లతో సహా మొత్తంగా బయటికి తీస్తుంది. అలా వచ్చిన ఫలితం కూడా మళ్ళీ ఎంబాక్సే కాబట్టి, దాన్ని పైపు ద్వారా, అంటే కమాండ్ల మధ్య నిలువు గీత పెట్టి, ఇంకో గ్రెప్‌మెయిల్‌కు ఇవ్వవచ్చు, లేదా ఫైలుగా దాచుకుని మెయిల్ ప్రోగ్రాములో తెరవవచ్చు. ఇది పెర్ల్ అనే భాషలో రాసిన ప్రోగ్రాము, అందువల్ల పెర్ల్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లన్నీ, అంటే గుర్తులతో రాసే వెతుకులాట నమూనాలన్నీ, పనిచేస్తాయి.

అయినా గ్రెప్‌ను పక్కన పడేయకండి. ఒక మాట ఫైల్లో అసలుందో లేదో చూడటానికి అదే వేగం.

ఎలా పెట్టుకోవాలి?

డెబియన్, ఉబుంటుల ప్యాకేజీల్లో అదే పేరుతో ఉంది. మిగతా యూనిక్స్ తరహా సిస్టముల్లో పెర్ల్ వాళ్ళ ప్రోగ్రాముల భండారం సీపాన్ నుంచి తెచ్చుకోవచ్చు. విండోస్‌లో లైనక్స్ సబ్‌సిస్టమ్ పెట్టుకుని అందులో నడపడం మేలు.

కమాండ్లు తెలుగులో రాస్తే టైపు చేసేదెలా?

ఇక్కడ వాటిని పలికినట్టు రాశాను. టెర్మినల్లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. "హైఫన్ ఐ" అంటే అడ్డగీత, దాని వెంటనే చిన్న ఐ. పెద్దక్షరం కావలసిన చోట పెద్దక్షరమని చెప్పాను.

మొట్టమొదట ఏం చేసి చూడాలి?

ఉత్తరాలు లెక్కపెట్టండి. గ్రెప్‌మెయిల్, హైఫన్ ఆర్, కోట్లలో (కొటేషన్ గుర్తుల మధ్య) ఒక చుక్క, ఆపైన ఫైలు పేరు. చుక్క ఏ అక్షరానికైనా సరిపోతుంది కాబట్టి ప్రతి ఉత్తరమూ లెక్కకు వస్తుంది. హైఫన్ ఆర్ ఉత్తరాలను చూపించకుండా ఫైలు పేరు, సంఖ్య మాత్రం ఇస్తుంది. వచ్చిన సంఖ్య నమ్మశక్యంగా ఉంటే ముందుకు వెళ్ళండి. సున్నా వస్తే కింది ప్రశ్న చదవండి.

ఫైలు నిండా ఉత్తరాలున్నా గ్రెప్‌మెయిల్ దాన్ని మెయిల్‌బాక్స్‌గా గుర్తించడం లేదు. ఎందుకు?

చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. రెండు కారణాలుంటాయి.

ఒకటి, ఫైలు జిప్‌లో ఉండటం. గ్రెప్‌మెయిల్ జీజిప్, బీజిప్2 ఫైళ్ళను తానే విప్పుకుంటుంది, జిప్‌ను విప్పలేదు. ముందు అన్‌జిప్ చేయండి. డిస్క్‌లో చోటు తక్కువుంటే అన్‌జిప్‌కు హైఫన్ పీ ఇచ్చి, వచ్చేదాన్ని నేరుగా పైపులోకి పంపండి.

రెండోది ఇంకాస్త చిక్కు. మామూలు ఎంబాక్స్‌లో ఫ్రమ్ వరస మీద పంపినవారి చిరునామా, తేదీ, గంటలు నిమిషాలు ఉంటాయి. గ్రెప్‌మెయిల్ ఉత్తరాల సరిహద్దులను ఆ గంటలు నిమిషాలు చూసే పోల్చుకుంటుంది. గూగుల్ మూలంగా వచ్చిన యూజ్‌నెట్ ఫైళ్ళలో మాత్రం ఫ్రమ్ పక్కన ఒక పొడవాటి సంఖ్య తప్ప ఇంకేమీ ఉండదు. కొన్నిటికి ముందు మైనస్ కూడా ఉంటుంది. అలాంటి ఫైలును సెడ్‌తో, అంటే ఫైల్లో మాటలను మార్చే కమాండ్‌తో, ఒకసారి సరిచేసుకోవాలి. ఫ్రమ్, ఖాళీ, ఉంటే మైనస్, అంకెలు మాత్రమే ఉన్న వరసలను పట్టుకుని, వాటి స్థానంలో ఏదో ఒక ఉత్తుత్తి పేరు, 1970 జనవరి 1 గురువారం, సున్నా గంటలు అన్న తేదీ ఉన్న ఫ్రమ్ వరసను పెట్టించండి. తేదీ పోతుందని బెంగ అక్కర్లేదు. ఉత్తరం అసలు తేదీ డేట్ హెడర్లో భద్రంగా ఉంటుంది, గ్రెప్‌మెయిల్ తేదీల కోసం చూసేది దాన్నే. సరిచేసిన ఫైలును వేరే పేరుతో దాచి, అసలు ఫైలును ముట్టుకోకుండా వదిలేయండి.

హెడర్లలో మాత్రమే, లేదా విషయంలో మాత్రమే వెతకాలంటే?

హెడర్లకు హైఫన్ హెచ్, విషయానికి హైఫన్ బీ. ఏదీ ఇవ్వకపోతే రెండు చోట్లా వెతికి, ఎక్కడ దొరికినా ఉత్తరాన్ని ఇస్తుంది. రెండూ కలిపి ఇస్తే మాత్రం రెండు చోట్లా ఆ మాట ఉన్నవే వస్తాయి. దీన్ని గమనించకుండా ఫలితాలు తక్కువొచ్చాయని అనుకునేవారు ఎక్కువ.

శీర్షికలో ఉగాది, లోపల పచ్చడి ఉన్న ఉత్తరాలు కావాలనుకోండి. మొదటి గ్రెప్‌మెయిల్‌తో హైఫన్ హెచ్ పెట్టి సబ్జెక్ట్ వరసలో ఉగాదిని పట్టుకుని, పైపు పెట్టి, రెండో గ్రెప్‌మెయిల్‌తో హైఫన్ బీ పెట్టి పచ్చడిని వెతకండి. వద్దనుకున్నవి తీసేయడానికి హైఫన్ వీ ఉంది.

తేదీల ప్రకారం వెతకవచ్చా?

ఈ ప్రోగ్రాములో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. హైఫన్ డీ తర్వాత కోట్లలో "బిఫోర్", "సిన్స్", "బిట్వీన్ ఫలానా అండ్ ఫలానా" అని మామూలు ఇంగ్లీషులో రాయవచ్చు. అంకెల్లో తేదీ రాస్తే అమెరికా పద్ధతిలో నెల ముందుంటుంది, మనకేమో రోజు ముందు. 5/6 అంటే జూన్ ఐదా, మే ఆరా అన్న గొడవ లేకుండా నెల పేరు అక్షరాల్లోనే రాయండి.

పద్ధతి సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. కాంప్.ఓఎస్.మినిక్స్ గ్రూపు ఫైలు తెచ్చుకుని 1991 ఆగస్టు 24, 27 మధ్య ఉత్తరాలు అడగండి. తాను సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని లీనస్ టోర్వాల్డ్స్ 25వ తేదీన రాసిన ఉత్తరం అందులో ఉండాలి. అదే లైనక్స్ తొలి ప్రకటన.

డేట్ హెడర్‌ను రాసినవారి కంప్యూటరే పెట్టేది. దాని గడియారం తప్పైతే తేదీ కూడా తప్పే. చాలా ఉత్తరాల్లో గ్రీనిచ్ సమయం ఉంటుంది. అందుకే ఒక పండగ రోజు ఉత్తరాలు కావాలంటే ముందొక రోజు, వెనకొక రోజు కలిపి అడగండి.

తెలుగు మాట కొడితే ఒక్కటీ రావడం లేదు. గ్రూపు పేరులో తెలుగు ఉందిగా?

గ్రూపులో తెలుగు ఉంది, తెలుగు లిపి లేదు. అప్పటి యూజ్‌నెట్ ఇంగ్లీషు అక్షరాలకు మాత్రమే చోటున్న ఏడు బిట్ల ఆస్కీ కోడ్ మీద నడిచేది. తెలుగు రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. అందుకోసం 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతిని తయారుచేశారు. ఆ పద్ధతిలో రాసినదాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చే రిట్ అనే ప్రోగ్రాము కూడా వచ్చింది. గ్రూపులో పద్యాలు పెట్టేవారు, భాష గురించి వాదించుకునేవారు ఎక్కువగా ఈ పద్ధతినే పాటించారు.

ఆర్‌టీఎస్‌లో పెద్దక్షరానికీ చిన్నక్షరానికీ వేరు వేరు ధ్వనులు. చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. చిన్న డీ ద, పెద్ద డీ డ. చిన్న ఎన్ న, పెద్ద ఎన్ ణ. చిన్న ఎల్ ల, పెద్ద ఎల్ ళ. పెద్ద ఎమ్ సున్న. ఇంగ్లీషు పెద్ద ఈ అంటే తెలుగు ఏ, ఇంగ్లీషు పెద్ద ఓ అంటే తెలుగు ఓ. దీర్ఘం ఆ కోసం ఇంగ్లీషు చిన్న ఏ రెండుసార్లు.

అయితే అక్షరాల తేడా పట్టించుకోని హైఫన్ ఐ వాడితే అన్నీ వచ్చేస్తాయి కదా?

వస్తాయి, అక్కర్లేనివి కూడా వస్తాయి. ఇంగ్లీషు గ్రూపుల్లో వెతికేవాళ్ళు అలవాటుగా హైఫన్ ఐ పెడతారు, ఇంగ్లీషుకు అది మంచి సలహాయే. ఆర్‌టీఎస్ తెలుగుకు అదే పెడితే పాట, పాత ఒకటైపోతాయి. కల, కళ కలిసిపోతాయి. మడి కట్టుకున్నవారూ మదిలో మాట చెప్పేవారూ ఒకే వరసలో నిలబడతారు. పాత పాటల మీద చర్చ వెతుకుతుంటే పాత రాజకీయాలు, పాత బస్తీ, పాత ఉత్తరాల ప్రస్తావన, అన్నీ మీద పడతాయి.

అలాగని హైఫన్ ఐ తీసేస్తే ఇంకో వైపు నష్టం. అందరూ ఆర్‌టీఎస్ రాయలేదు. హడావిడిలో ఇంగ్లీషు ఉత్తరం మధ్య రెండు తెలుగు మాటలు వేసేవారు తమ ఇష్టం వచ్చిన స్పెల్లింగులో రాశారు. త కోసం టీ, హెచ్ కలిపి రాయడం మనకు చిన్నప్పటి అలవాటు. ఆర్‌టీఎస్‌లో అది థ. పోతన పేరే చూడండి, ఆర్‌టీఎస్‌లో చిన్న పీ, పెద్ద ఓ, చిన్న టీతో ఒకలా, మామూలు ఇంగ్లీషులో పెద్ద పీ, చిన్న ఓ, టీహెచ్‌తో ఇంకోలా కనిపిస్తుంది.

నా సలహా, తేడా ఎక్కడ పనికొస్తుందో అక్కడ ఉంచి, మిగతా చోట వదులు ఇవ్వండి. చదరపు బ్రాకెట్లున్నది అందుకే. పోతనకు మొదటి బ్రాకెట్లో చిన్న పీ, పెద్ద పీ. రెండో బ్రాకెట్లో చిన్న ఓ, పెద్ద ఓ. తర్వాత చిన్న టీ, హెచ్, హెచ్ పక్కన ప్రశ్నార్థకం, ఆపైన మిగిలిన అక్షరాలు. ప్రశ్నార్థకం అంటే హెచ్ ఉన్నా సరే, లేకపోయినా సరే.

పచ్చడి కొడితే పచ్చళ్ళు రావడం లేదు.

తెలుగు మాట వాక్యంలో ఉన్నది ఉన్నట్టు ఉండదు. పచ్చడి, పచ్చడితో, పచ్చళ్ళు, పచ్చడన్నం. కాబట్టి మాట మొత్తాన్ని కాక మారని మొదటి భాగాన్నే వెతకాలి. పచ్చడికి నేను వాడేది ఇలా ఉంటుంది: పీ, ఏ అక్షరాలు, తర్వాత చదరపు బ్రాకెట్లో సీ, హెచ్, బ్రాకెట్ బయట ప్లస్, తర్వాత ఏ, మళ్ళీ బ్రాకెట్లో చిన్న డీ, పెద్ద డీ, చిన్న ఎల్, పెద్ద ఎల్. చ ఒత్తును ఎవరెన్ని సీలు, హెచ్‌లతో రాసినా మొదటి బ్రాకెట్ పట్టేస్తుంది. రెండో బ్రాకెట్ ఏకవచనాన్నీ బహువచనాన్నీ కూడా తెస్తుంది. పచ్చదనం, పచ్చల పతకం కూడా వలలో పడతాయి, వాటిని చేత్తో తీసేయడమే.

విడి పదాన్ని మాత్రమే పట్టే హైఫన్ డబ్ల్యూ జోలికి తెలుగులో పోకండి. సంధులూ విభక్తులూ ఉన్న భాషకు అది పనికిరాదు.

తర్వాతి కాలపు ఉత్తరాల్లో నిజంగానే తెలుగు లిపి ఉంటే?

యూనికోడ్ వాడకం పెరిగాక అలాంటివి కనిపిస్తాయి. చిక్కేమిటంటే అవి ఫైల్లో తెలుగు అక్షరాలుగా ఉండకపోవచ్చు. కోటెడ్ ప్రింటబుల్ పద్ధతిలో పంపితే ఒక్కో తెలుగు అక్షరమూ మూడు బైట్లుగా, ఒక్కో బైటూ సమాన గుర్తు పక్కన రెండు అంకె-అక్షరాలుగా మారుతుంది. మొదటి బైటు ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరం ఈ, పక్కన 0. రెండోది బీ0 లేదా బీ1. ఆ జంటను వెతికితే ఏయే ఉత్తరాల్లో తెలుగు లిపి ఉందో తెలిసిపోతుంది. ఒక ప్రత్యేకమైన మాటను ఇలా వెతకడం మాత్రం కష్టం, ఎందుకంటే పొడవాటి వరసలను ఆ పద్ధతి మధ్యలో విరిచేస్తుంది. బేస్64 అనే ఇంకో కోడ్ పద్ధతిలో ఉంటే అసలు ఆశ వద్దు. అలాంటివాటిని ముందు మెయిల్ ప్రోగ్రాములో తెరిచి చదవడమే దారి.

ఒక మాట మొదట అన్నదెవరో తేల్చాలి. పదిమంది అన్నట్టు కనిపిస్తోంది.

న్యూస్‌గ్రూపుల్లో జవాబు రాసేటప్పుడు ఎదుటివారి మాటలను కోణపు గుర్తు పెట్టి కిందికి దించుకునేవారు. ఒకే వాక్యం పాతిక ఉత్తరాల్లో కనిపించేది అందుకే. వరస మొదట్లో కోణపు గుర్తు లేనివాటినే అడగాలి. నమూనాను టోపీ గుర్తుతో మొదలుపెట్టి, గుండ్రని బ్రాకెట్లో ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం, కోణపు గుర్తు పెట్టి, తర్వాత చుక్క, నక్షత్రం, ఆపైన మీ మాట రాయండి. కొందరు కోణానికి బదులు నిలువు గీత, ఇంకొందరు తమ పేరు పొడి అక్షరాలు వాడారు. వాటిని కంటితోనే ఏరాలి.

చర్చ మొత్తం మొదటినుంచి చివరిదాకా ఎలా తీయాలి?

సబ్జెక్ట్ వరసను నమ్ముకుంటే సగమే వస్తుంది. తెలుగు గ్రూపులో వంకాయ కూరతో మొదలైన చర్చ వారం తిరిగేసరికి శాసనసభలో తేలడం మామూలే, మధ్యలో ఎవరో శీర్షిక మార్చేస్తారు. నమ్మదగినది మెసేజ్ ఐడీ. ప్రతి ఉత్తరానికీ కోణపు బ్రాకెట్లలో అది ఒక్కటే ఉంటుంది. జవాబుగా వచ్చిన ఉత్తరాలు తమ రెఫరెన్సెస్ హెడర్లో దాన్ని మోస్తాయి. చర్చను మొదలుపెట్టిన ఉత్తరం మెసేజ్ ఐడీని హైఫన్ హెచ్‌తో వెతికితే ఆ ఉత్తరమూ, దాని సంతానమూ కలిసి వస్తాయి. ఐడీలోని చుక్కలు, డాలర్లు, ప్లస్‌లకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. మొత్తాన్ని ఒంటి కోట్లలో ఉంచండి, లేకపోతే డాలర్ గుర్తును షెల్ (మీ కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాము) మింగేస్తుంది.

ఒకే ఉత్తరం మళ్ళీ మళ్ళీ వస్తోంది.

ఒకే ఉత్తరాన్ని తెలుగు గ్రూపుకీ, సాక్.కల్చర్.ఇండియన్‌కీ, రెక్.మ్యూజిక్.ఇండియన్.క్లాసికల్‌కీ కలిపి పంపడం అప్పట్లో పరిపాటి. రెండు మూడు గ్రూపుల ఫైళ్ళలో ఒకేసారి వెతికితే నకళ్ళు వస్తాయి. హైఫన్ యూ పెట్టండి.

ఇంగ్లీషు కాదు, ఆర్‌టీఎస్ కాదు, చదవలేని అక్షరాలు కనిపిస్తున్నాయి. ఫైలు పాడైందా?

రాట్13 అయి ఉండవచ్చు. అక్షరమాలలో ప్రతి అక్షరాన్నీ 13 స్థానాలు జరిపి రాయడం అది. సినిమా కథ చివర బయటపెట్టేటప్పుడు, పొడుపు కథకు జవాబు చెప్పేటప్పుడు, మోటు జోకులు వేసేటప్పుడు చదివేవాడు కావాలని విప్పుకుంటే తప్ప కనబడకుండా ఇలా రాసేవారు. టీఆర్ అనే చిన్న కమాండ్‌తో విప్పుకోవచ్చు. అలాంటివాటిలో వెతకాలంటే మీ మాటనే ముందు 13 స్థానాలు జరిపి దాన్ని వెతకండి.

ఫలితాలను టెర్మినల్లో చదవడం నరకంగా ఉంది.

ఫైల్లోకి దాచి, టెర్మినల్లోనే నడిచే మట్ అనే మెయిల్ ప్రోగ్రాములో తెరవండి. హైఫన్ ఎఫ్ తర్వాత ఫైలు పేరు, ముందు హైఫన్ పెద్ద ఆర్ పెడితే మార్చడానికి వీల్లేకుండా తెరుచుకుంటుంది. చర్చను కొమ్మలు కొమ్మలుగా చూపిస్తుంది. శీర్షికలు, పేర్లు మాత్రం చూస్తే చాలనుకుంటే గ్రెప్‌మెయిల్‌కే హైఫన్ పెద్ద హెచ్ ఇవ్వండి. అది హెడర్లను మాత్రమే అచ్చు వేస్తుంది.

చాలా నెమ్మదిగా నడుస్తోంది.

ముందు తేదీతోనో హెడర్‌తోనో కోసి చిన్న ఫైలు చేసుకుని, ఆ తర్వాత నమూనాలతో ఆడుకోండి.

దొరికినవి ఎక్కడైనా పెట్టుకోవచ్చా? పేర్లతో సహా?

ఇక్కడ కాస్త ఆగాలి. అప్పుడు ఇరవై రెండేళ్ళ కుర్రవాళ్ళు తమ అసలు పేరు, యూనివర్సిటీ చిరునామా, ఒక్కోసారి ఇంటి ఫోన్ నంబరు కూడా కింద సంతకంలో పెట్టి, వారం రోజుల్లో తుడిచిపెట్టుకుపోతుందన్న ధీమాతో రాశారు. వాళ్ళకిప్పుడు యాభై దాటి ఉంటాయి. కులం మీద, ప్రాంతం మీద ఆవేశంలో రాసినదాన్ని పేరుతో సహా తవ్వి తీయడం పరిశోధన కాదు. కొందరు ఎక్స్ నో ఆర్కైవ్ అనే హెడర్‌కు ఎదురుగా ఎస్ అని పెట్టి తమ ఉత్తరం దాచవద్దని అడిగారు. డేజా న్యూస్ దాన్ని మన్నించింది. మీ ఫైల్లో అలాంటివి జారిపడి ఉంటే హైఫన్ హెచ్, హైఫన్ వీ కలిపి ముందే తీసేయండి.

ఒక పద్యానికి రాసిన వ్యాఖ్యానమో, ఒక వంట పద్ధతో, ఆర్‌టీఎస్ మీద జరిగిన వాదమో ఉటంకించాలంటే గ్రూపు పేరు, తేదీ, మెసేజ్ ఐడీ ఇస్తే చాలు. సరిచూసుకోవాలనుకున్నవారు అదే ఫైల్లో ఆ ఐడీతో వెతుక్కుంటారు. రాసినవారి పేరు వేయాలనుకుంటే, వాళ్ళు దొరికితే ముందు వాళ్ళనే అడగండి.